పడవల బొమ్మలో పొద్దు

ఇంప్రెషనిస్టు చిత్రకారులు వేసిన చేపల పడవల బొమ్మను మొదటిసారి చూసినవాళ్లలో చాలామందికి ఒకటే సందేహం వస్తుంది. పడవ సరిగ్గా కనబడదు. తెరచాప అంటే ఒక తెల్లటి పూత, పడవలో మనిషి అంటే ఒక నల్లటి గీటు, సముద్రం అంటే అడ్డంగా పడిన కుంచె దెబ్బలు. దగ్గరికి వెళ్లేకొద్దీ అన్నీ రంగు ముద్దలుగా విడిపోతాయి. పూర్తి చేయకుండానే వదిలేశాడా అనిపిస్తుంది. ఇలాంటి బొమ్మలను ప్రపంచం ఇంతగా ఎందుకు మెచ్చుకుంటుంది?

ఈ ప్రశ్న అడగడానికి ఎవరూ మొహమాటపడనక్కర్లేదు. నూటయాభై ఏళ్ల కిందట పారిస్‌లో చదువుకున్నవాళ్లూ ఇదే అడిగారు. దీనికి జవాబు వెతుక్కోవడానికి కృష్ణా డెల్టా వాళ్లకు పుస్తకాల కంటే మంచి ఆధారం ఉంది. విజయవాడ బ్యారేజీ వెనక నిలిచిన నీళ్లున్నాయి, బందరు దగ్గర పోటుకు పొంగే ఉప్పునీళ్లున్నాయి, హంసలదీవి దగ్గర ఏరూ సముద్రమూ కలిసే చోటుంది. ఈ నీళ్లను రోజూ చూసే కళ్లకు ఆ బొమ్మలు అర్థం కాకపోవడానికి కారణమే లేదు. వాటిలో ఏది వెతకాలో తెలిస్తే చాలు. పడవ వివరాలు వాటిలో తక్కువే ఉంటాయి. పొద్దు మాత్రం కచ్చితంగా ఉంటుంది.

ఒక ఉదయం, ఒక ఓడరేవు

ఈ చిత్రకళకు పేరు తెచ్చిన బొమ్మ చిన్నదే. 48 సెంటీమీటర్ల ఎత్తు, 63 సెంటీమీటర్ల వెడల్పు. క్లోద్ మోనే 1872లో ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని లె హావ్ర్ రేవును తన హోటల్ కిటికీలోంచి చూసి వేశాడు. పొగమంచు, వెనక ఓడల కొయ్యలు, ముందు రెండు మూడు చిన్న పడవలు, వాటి పైన నారింజ రంగు సూర్యుడు, నీటి మీద ఆ రంగే చారలుగా. దాని పేరు 'ఇంప్రెషన్, సన్‌రైజ్'.

1874 ఏప్రిల్ 15న మోనే, అతని మిత్రులు కలిపి ముప్పైమంది దాకా చిత్రకారులు పారిస్‌లో నాదార్ అనే ఫోటోగ్రాఫరు పాత స్టూడియోలో సొంతంగా ప్రదర్శన పెట్టారు. ప్రభుత్వ ఆశీస్సులతో ఏటా జరిగే సలోన్ ప్రదర్శన వీళ్ల బొమ్మలను తరచూ తిప్పిపంపేది. సలోన్‌కు కావలసింది నున్నగా తేలిన పని: పురాణ గాథలు, యుద్ధాలు, కుంచె జాడ కనబడని చర్మపు మెరుపు. కొత్త ప్రదర్శన చూసిన లూయీ లెరువా అనే విమర్శకుడు మోనే బొమ్మ పేరునే పట్టుకుని, వీళ్లంతా ఇంప్రెషనిస్టులని ఎద్దేవా చేశాడు. గోడకు అంటించే కాగితం కూడా ఇంతకంటే పూర్తిగా ఉంటుందని వెక్కిరించాడు. ఆ చిత్రకారులు కొన్నాళ్లకు ఆ పేరునే సొంతం చేసుకున్నారు.

లెరువాది కేవలం అక్కసు అనుకోకూడదు. ఆనాటి కొలమానంతో చూస్తే ఆ బొమ్మ నిజంగానే అసంపూర్తి. పనితనం కొలిచే కొలమానమే మారుతోందని అతనికి తెలియలేదు.

బొమ్మలోంచి గడియారం

ఆ బొమ్మ ఎంత కచ్చితమైనదో తెలియడానికి నూటనలభై ఏళ్లు పట్టింది. అమెరికాలోని టెక్సస్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త డొనాల్డ్ ఓల్సన్ ఆ బొమ్మను సాక్ష్యంగా తీసుకుని లెక్కలు వేశారు. సూర్యుడు దిక్చక్రానికి ఎంత ఎత్తులో ఉన్నాడు? ఏ దిక్కున ఉన్నాడు? మోనే ఉన్న హోటల్ ఎక్కడుంది? పెద్ద ఓడలు రేవులో ఏ చోట నిలిచి ఉన్నాయి?

ఈ చివరి ప్రశ్న డెల్టా వాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది. లె హావ్ర్‌లో ఆటుపోట్ల తేడా పెద్ద పోటు రోజుల్లో ఏడెనిమిది మీటర్ల దాకా ఉంటుంది. లోతు సరిపడా నీళ్లు వచ్చినప్పుడే పెద్ద ఓడలు రేవు లోపలికీ బయటికీ కదలాలి. బందరులో పోటు అంత ఎత్తు లేవదు. అయినా గిలకలదిండి మొగ దగ్గర మేట వేసినప్పుడల్లా బోట్లు పోటు కోసం కాచుకుని లోపలికి రావడం అక్కడి మత్స్యకారులకు బాగా తెలిసిన యాతన. మోనే బొమ్మలో ఓడలున్న తీరు అది నిండు పోటు వేళ అని చెబుతోంది. సూర్యుడి ఎత్తు, పోటు వేళ, పాత వాతావరణ నివేదికలు, గాలికి పొగ వాలిన దిక్కు అన్నీ కలిపి చూసి, ఆ దృశ్యం చాలావరకు 1872 నవంబరు 13 ఉదయం సుమారు 7 గంటల 35 నిమిషాలదని ఓల్సన్ 2014లో చెప్పారు.

పడవ మీద మేకు కూడా కనబడని బొమ్మలోంచి గంటా నిమిషమూ బయటికి తీయగలిగారు. మోనే వదిలేసినవీ పట్టుకున్నవీ ఏమిటో ఇక్కడ తేలిపోతుంది. పడవ చెక్కలు రేపూ అలాగే ఉంటాయి, ఎప్పుడైనా చూసుకోవచ్చు. ఆ పొగమంచులో ఆ నారింజ వెలుగు పావుగంట తర్వాత ఉండదు. ఉండనిదాన్ని పట్టుకోవాలంటే చెయ్యి త్వరగా కదలాలి. కుంచె దెబ్బలు విడివిడిగా కనబడడానికి మొదటి కారణం ఈ తొందర.

నీళ్లు చెప్పే పాఠం

రెండో కారణం నీటిలోనే ఉంది. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద పడమటి వైపు తిరిగి నిలబడండి. గాలి లేని రోజున నిలిచిన నీళ్లు అద్దమవుతాయి. సూర్యుడి నీడ గుండ్రంగా, ఒక్కటిగా కనబడుతుంది. కాస్త గాలి లేవగానే ఆ గుండ్రం చెదిరి, దూరం నుంచి మీ కాళ్ల వైపు సాగే పొడవాటి వెలుగు బాట అవుతుంది. ప్రతి చిన్న అలకూ ఒక వాలు ఉంటుంది. ఆ వాలు సరైన కోణంలో ఉన్నప్పుడు అది సూర్యుణ్ణి ఒక్క క్షణం మీ కంటికి చూపి దాచేస్తుంది. అలాంటి వేల మెరుపులు కలిస్తే ఆ బాట. నీటి మీద వెలుగు నిజంగానే ముక్కలుగా ఉంటుంది. దాన్ని ఏకధారగా నున్నగా పూస్తే అది తప్పు బొమ్మ. విడివిడి కుంచె దెబ్బలతో వేస్తేనే ఒప్పు.

అక్కడే ఇంకొకటి గమనించండి. కింద, దగ్గరి నీళ్లలోకి నిటారుగా చూస్తే నీటి సొంత రంగు కనబడుతుంది. ఎండాకాలంలో ఆకుపచ్చగా, వరద రోజుల్లో ఎర్రమట్టి రంగుగా ఉంటుంది. దూరపు నీళ్లను ఏటవాలుగా చూస్తే నీటి రంగు పోయి ఆకాశం రంగే కనబడుతుంది. ఒకే నది, ఒకే క్షణం, రెండు రంగులు. నీళ్లకు ఒకటే నీలం పూసేవాడు తెలిసినదాన్ని వేస్తున్నాడు, చూసినదాన్ని కాదు. ఇంప్రెషనిస్టులు తెలిసినదాన్ని పక్కనపెట్టి కంటికి తగిలినదాన్నే వేయాలని పట్టుబట్టారు. అందుకే వాళ్ల సముద్రంలో ముందు భాగాన ముదురు ఆకుపచ్చలు, ఊదాలు, దూరాన లేత బూడిద, గులాబీ కనబడతాయి.

రంగు పక్కన రంగు

మంగళగిరి నేతగాళ్లకు తెలిసిన విషయం ఒకటుంది. అదే పసుపు నూలు ఊదా రంగు పక్కన అంచుగా పడితే వెలిగిపోతుంది, గంధం రంగు పక్కన పడితే మందగిస్తుంది. నూలు మారలేదు, పక్కన ఉన్నది మారింది. పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో అద్దకాల విభాగం నడిపిన రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్‌కు ఇదే సమస్య ఎదురైంది. కొన్ని రంగుల పక్కన తమ నల్లటి నూలు వెలవెలబోతోందని నేతగాళ్లు చెప్పారు. అద్దకంలో లోపం లేదని, పక్క రంగు కంటిని అలా మారుస్తోందని ఆయన తేల్చి, 1839లో దాన్ని సూత్రంగా ప్రచురించారు. నారింజ పక్కన నీలం, ఎరుపు పక్కన ఆకుపచ్చ, పసుపు పక్కన ఊదా ఒకదాన్నొకటి పెంచుకుంటాయి.

మోనే బొమ్మలో నీలి బూడిద నీటి మీద నారింజ చారలు ఎందుకు అంత వెలుగుతాయో దీన్నిబట్టి తెలుస్తుంది. నీడలు కూడా ఇంతే. ఎండలో ఇసుక మీద పడిన పడవ నీడలోకి సూర్యుడి పసుపు వెలుగు రాదు కాని ఆకాశపు నీలం వెలుగు వస్తుంది. కాబట్టి ఆ నీడ నీలంగానో ఊదాగానో ఉంటుంది. ఈ చిత్రకారులు నీడకు నలుపు వాడడం బాగా తగ్గించింది అందుకే.

మోనే సూర్యుడిలో ఇంకో రహస్యం ఉంది. హార్వర్డ్‌లో దృష్టి మీద పరిశోధన చేసిన మార్గరెట్ లివింగ్‌స్టన్ దాన్ని వివరించారు. ఆ నారింజ సూర్యుడు, చుట్టూ ఉన్న బూడిద ఆకాశం రంగులో వేరైనా వెలుగు పాళ్లలో దాదాపు సమానం. మెదడులో రంగును గుర్తించే భాగం సూర్యుణ్ణి స్పష్టంగా చూస్తుంది. వస్తువు ఉన్న చోటునూ కదలికనూ పట్టే భాగం రంగును లెక్కచేయదు, వెలుగు తేడానే చూస్తుంది. దానికి ఆ సూర్యుడు ఇంచుమించు కనబడడు. ఈ రెండూ పొసగకపోవడంతో సూర్యుడు కదులుతున్నట్టు, కంపిస్తున్నట్టు అనిపిస్తాడు. మీ ఫోనులో ఆ బొమ్మ తెరిచి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. సూర్యుడు దాదాపు మాయమైపోతాడు.

ఒడ్డు మీదికి వచ్చిన రంగులు

వీళ్లకు ముందు సముద్రాన్ని ఎవరూ ఇలా వేయకపోవడానికి చూపు ఒక్కటే అడ్డం కాదు. నూనె రంగులను చిత్రకారులు గదిలో నూరి కలుపుకునేవాళ్లు. బయటికి తీసుకెళ్లాలంటే పంది మూత్రకోశపు తిత్తుల్లో కట్టుకోవాలి. విప్పితే త్వరగా ఎండిపోయేవి. 1841లో జాన్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు మూత బిగించే తగరపు గొట్టాన్ని కనిపెట్టాడు. దానితో రంగులు జేబులోకి వచ్చాయి. లోహపు పట్టీ బిగించిన కుంచెలు రావడంతో బల్లపరుపు కుంచె దొరికింది. కురచగా, వెడల్పుగా పడే ఆ దెబ్బ దానిదే.

రంగులూ కొత్తవే. ఒకప్పుడు మేలైన నీలం అఫ్గానిస్తాన్ గనుల రాతి నుంచి రావాలి, ఖరీదు బంగారంతో పోటీ పడేది. పందొమ్మిదో శతాబ్దపు రసాయన శాస్త్రం కోబాల్టు నీలాన్ని, కృత్రిమ అల్ట్రామెరైన్‌ను, విరిడియన్ ఆకుపచ్చను అందుబాటు ధరకు ఇచ్చింది. 1847లో పారిస్ నుంచి లె హావ్ర్‌కు రైలు పడింది. గొట్టాలు, కుంచెలు, చవక నీలాలు, రైలు ఒక తరంలోనే సమకూడాయి. సముద్రాన్ని సముద్రం దగ్గరే వేయడం అప్పుడు సాధ్యపడింది.

పడవ ఎందుకు?

పొద్దే ముఖ్యమైతే ఇక పడవ దేనికి? ఖాళీ సముద్రాన్ని వేస్తే చాలదా? చాలదు. ఖాళీ నీటి మీద కంటికి కొలత దొరకదు. ఒక పడవ పెడితే దూరం తెలుస్తుంది. అడ్డంగా సాగే దిక్చక్రం మీద నిలువుగా లేచే కొయ్య బొమ్మను నిలబెడుతుంది. తెరచాప నిండుగా ఉంటే గాలి ఉందని, వాలిన వైపును బట్టి ఏ దిక్కు గాలో తెలుస్తుంది. పడవ ఇసుక మీద ఒరిగి ఉంటే ఆటు వేళో, వేట లేని రోజో అయి ఉంటుంది. గాలినీ పోటునీ వెలుగునీ కలిపి చూపగలిగిన వస్తువు సముద్రం మీద అదొక్కటే.

మోనే 1885 శరత్తులో ఎత్రెతా అనే జాలరి ఊళ్లో గడిపాడు. వాన రోజుల్లో హోటల్ కిటికీలోంచి పడవలు వేటకు బయల్దేరడం వేశాడు. ముసలి పడవలకు గడ్డి కప్పు వేసి వలలు దాచే కొట్టాలుగా వాడుకోవడాన్నీ వేశాడు. ఒకే దృశ్యానికి ఐదారు కాన్వాసులు పట్టుకెళ్లి, వెలుగు మారగానే ఒకటి దించి ఇంకొకటి ఎక్కించేవాడని అక్కడ అతన్ని చూసిన రచయిత మొపాసా రాశారు. నవంబరులో ఒకరోజు పోటు లెక్క తప్పి, కొండచరియ కింద పని చేసుకుంటున్న మోనేను అల వచ్చి కొట్టింది. రంగులూ సామగ్రీ కొట్టుకుపోయాయి, మనిషి మాత్రం బయటపడ్డాడు.

1888 మే చివర్లో చిత్రకారుడు వాంగో మధ్యధరా ఒడ్డున సాంత్-మరీ అనే ఊరికి వెళ్లాడు. జాలర్లు తెల్లవారగానే వెళ్లిపోతారు కాబట్టి ఒడ్డున ఉన్న పడవలను తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే గంటలో గీసుకుని, ఆర్ల్ ఊరికి తిరిగి వచ్చి రంగులు వేశాడు. ఒక పడవ మీద 'స్నేహం' అని ఫ్రెంచిలో పేరు ఉంటుంది. ఆ సముద్రం క్షణక్షణం రంగు మార్చే కానాగడత చేపలా ఉందని తమ్ముడికి రాశాడు. ఒడ్డునే కూర్చుని వేసిన అతని సముద్రపు బొమ్మ రంగులో ఇసుక రేణువులు ఇప్పటికీ అంటుకుని ఉన్నాయి. అతను ఇంప్రెషనిస్టుల తర్వాతి తరంవాడు. వాళ్ల రంగులను తీసుకుని, వాళ్లు కరిగించిన అంచు గీతను మళ్లీ తెచ్చాడు.

బందరు దారి

ఈ కథలో బందరుకు ఒక పాత చుట్టరికం ఉంది. సముద్రాన్నీ పడవల్నీ ప్రత్యేక విషయంగా వేసే సంప్రదాయం పదిహేడో శతాబ్దపు హాలండులో పెరిగింది. అదే డచ్చివాళ్లు ఆ శతాబ్దం మొదట్లోనే బందరులో, అంటే మచిలీపట్నంలో, వర్తక స్థావరం పెట్టారు. వలందపాలెం వాళ్ల గుర్తే. తర్వాత వచ్చిన ఫ్రెంచివాళ్ల గుర్తు ఫ్రెంచిపేట. డచ్చి సముద్ర చిత్రాల వారసుడైన యోంకిండ్ 1862లో మోనేను కలిశాడు. కుర్రతనంలో తనను ఆరుబయటికి తీసుకెళ్లి వేయించిన బూదాన్‌తో పాటు, తన కంటికి చదువు చెప్పినవాడు యోంకిండేనని మోనే చెప్పుకున్నాడు.

మన తీరపు పడవలూ యూరప్ చిత్రకారుల చేతిలో పడ్డాయి. మేకులు లేకుండా చెక్కలను కొబ్బరి తాళ్లతో కుట్టిన మసూలా పడవలు మద్రాసు కెరటాల మీద ఊగడం బ్రిటిష్ చిత్రకారులు గీశారు. అవి ఎక్కువగా పడవ ఎలా ఉందో చెప్పే బొమ్మలు. మన పడవ మీద మన పొద్దు ఎలా పడిందో చెప్పే చూపు అప్పటికి పుట్టలేదు.

తర్వాతైనా బందరులో అది ఎందుకు రాలేదు? 1910లో ఇక్కడ ఆంధ్ర జాతీయ కళాశాల మొదలైంది. 1920లలో బెంగాల్ నుంచి వచ్చిన ప్రమోద్ కుమార్ ఛటర్జీ అక్కడ చిత్రకళ నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యులు, తర్వాత అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. అది స్వరాజ్య కాలం. ఆంగ్లేయుల ఆర్టు స్కూళ్లు నేర్పిన నూనె రంగుల పద్ధతిని వదిలి, అజంతానూ మొగలు చిత్రాలనూ గురువులుగా తీసుకోవాలన్నది ఆ బడి పట్టుదల. దానికి కారణాలు గౌరవించదగ్గవి. కలకత్తాలో ఈ ధోరణికి ఆద్యుడైన అవనీంద్రనాథ్ ఠాగూర్ జపాను చిత్రకారుల నుంచి రంగును తడిపి కడిగే వాష్ పద్ధతి తీసుకున్నారు. మోనే జపాను అచ్చుబొమ్మలను ఇష్టంగా సేకరించి, వాటి నుంచి దృశ్యాన్ని కొత్త కోణంలో కత్తిరించే ధైర్యం తీసుకున్నాడు. ఒకే గురువు దగ్గర పారిస్ ఒకటి నేర్చుకుంది, కలకత్తా ఇంకొకటి నేర్చుకుంది. బందరు కలకత్తా దారిన నడిచింది.

దీనికి తోడు మన కంటి అలవాటు ఒకటుంది. తెలుగువాళ్ల చూపు గీత మీద పెరిగింది. లేపాక్షి కుడ్యచిత్రాల్లో గీత, కలంకారీలో గీత, బాపు బొమ్మలో గీత. అంచు గీత లేని పడవ మనకు వెలితిగా తోచడంలో ఆశ్చర్యం లేదు. ఆ వెలితి మన చూపు లోపం కాదు, ఆ బొమ్మ లోపమూ కాదు. రెండు బడులు వేరు, అంతే.

ఉప్పెన గుర్తున్నవాళ్లు

ఇంకొక అడ్డం ఉంది, అది అన్నిటికంటే బరువైనది. 1864 నవంబరు 1న ఉప్పెన బందరును ముంచినప్పుడు దాదాపు ముప్పైవేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమలో అధికార లెక్కల ప్రకారమే పదివేల మంది దాకా చనిపోయారు. ఆ ఇళ్లలో సముద్రం అందంగా ఉందని అనడానికి నోరు రాదు. వేటకెళ్లిన పడవ కోసం ఒడ్డున ఎదురుచూసేవాళ్లకు నీటి మీద నారింజ చారలు పట్టవు.

ఈ అభ్యంతరాన్ని నేను తోసిపుచ్చను. కాని ఆ బొమ్మలు సముద్రాన్ని ముద్దు చేయవన్నది కూడా నిజం. ఎత్రెతా పడవలు గాలికి ఎదురు నెట్టుకుంటూ పోతాయి, లె హావ్ర్ రేవులో తెల్లవారుతుండగానే పని మొదలైంది. పొద్దును అంత శ్రద్ధగా పట్టుకోవాలంటే ముందు ఆ పొద్దున ఎవరు లేచి ఎక్కడికి పోతున్నారో చూడాలి. ఉప్పెన చూసిన ఒడ్డు నుంచి వచ్చే బొమ్మలో ఆ జ్ఞాపకమూ ఉంటుంది. ఆకాశం ఏ రంగుకు తిరిగితే పడవ దించకూడదో తెలిసిన మత్స్యకారుడి చూపు ఏ చిత్రకారుడి చూపు కంటే తక్కువది కాదు.

ఎలా చూడాలి, ఏం చేయాలి

ఇలాంటి బొమ్మ ఎదురైతే ముందు దూరంగా నిలబడి వేళ చెప్పడానికి ప్రయత్నించండి: ఉదయమా, మధ్యాహ్నమా, పొద్దు వాలిందా? తర్వాత గాలి ఎటు ఉందో, పోటా ఆటా అన్నది పడవల్ని అడగండి. ఆ తర్వాత దగ్గరికి వెళ్లి నీడలో ఏ రంగులున్నాయో లెక్కపెట్టండి. మళ్లీ వెనక్కి వచ్చి, ఆ ముద్దలు ఎంత దూరంలో పడవగా కలుస్తాయో చూడండి. పడవను కలిపి పూర్తి చేసే పని చిత్రకారుడు మన కంటికి వదిలాడు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర బోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ గిలకలదిండిలో బోట్లు కట్టేసి ఉంటాయి. మత్స్యకారులకు అవి గడ్డు రోజులు, మరమ్మతుల రోజులు. పిల్లలకు బడి సెలవులు. విజయవాడ, బందరు, అవనిగడ్డ బడుల డ్రాయింగు టీచర్లు ఆ పిల్లలను ఒక పూట అక్కడికి తీసుకెళ్లాలి. ఒకే బోటును ఉదయం ఆరింటికి ఒకసారి, తొమ్మిదింటికి ఒకసారి, కొలతబద్ద లేకుండా, నలుపు రంగు లేకుండా వేయమనాలి. మంగినపూడి నల్లమట్టి మీద పడిన నీడ ఏ రంగులో ఉందో ఆ పిల్లలే మనకు చెప్పాలి. ఆ రంగు మోనేకు తెలియదు, ఏ మ్యూజియంలోనూ దొరకదు. మన తీరపు పొద్దును వేయాల్సినవాళ్లు ఇక్కడే పుట్టి పెరుగుతున్నారు. వాళ్లకు రంగులూ ఒక ఉదయమూ ఇవ్వడం మన పని.